హైడీ, అడిలైడ్, ఆలిస్: మూడూ ఒకే పేరా?

"అడిలైడ్‌లో ఉంటున్నాం. పక్కింటి జర్మన్ ఆవిడ హైడీ గారు తన పేరూ మా ఊరి పేరూ ఒకటేనంటున్నారు, నిజమేనా?" అని అడిగారు. నిజమేనండీ. నాకు ఈ సంగతి ఒక పార్సిల్ వల్ల తెలిసింది.

జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో చదువుకునే రోజుల్లో ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. అందరూ ఆవిడని హైడీ అనేవారు. ఒకరోజు కొరియర్ అబ్బాయి వచ్చి "ఆడెల్‌హైట్ ఉన్నారా?" అన్నాడు. అలాంటివాళ్ళు ఎవరూ లేరని పంపేశాను. ఇంటిపేరైనా చూడాలన్న తెలివి లేకపోయింది! సాయంత్రం చెబితే ఆవిడ తల పట్టుకుని, "అది నేనే" అన్నారు. మన ఊళ్ళలో సుబ్బలక్ష్మి సుబ్బులు అయినట్టే. కాకపోతే వాళ్ళు పేరు తోక పట్టుకున్నారు.

అసలు పేరులో ముక్కలు రెండు. 'ఆడెల్' అంటే గొప్ప వంశం. 'హైట్' మన 'తనం' లాంటిది. జర్మన్‌లో 'కింట్' అంటే పిల్ల, 'కింట్‌హైట్' అంటే పసితనం. ఆ లెక్కన ఆడెల్‌హైట్ అంటే దాదాపు 'దొరతనం'. ఆడపిల్లకి దొరతనం అని పేరేమిటో అనుకోండి! రాసేటప్పుడు చివర 'డీ' అక్షరమే, పలికితే 'ట్'.

ఈ ఆడెల్‌హైటే ఇంగ్లీషులో అడిలైడ్. ఈ పేరుకి ఇంత ప్రచారం రావడానికి పెద్ద కారణం 10వ శతాబ్దపు మహారాణి సెయింట్ అడిలైడ్. జర్మన్ రాజు మొదటి ఒట్టో భార్య. 962లో రోమ్‌లో భర్తతో పాటు కిరీటం పెట్టించుకుంది. మీ ఊరి పేరు మాత్రం ఈవిడది కాదు. బ్రిటన్ రాజు నాలుగో విలియం భార్య, జర్మనీ నుంచి వచ్చిన అడిలైడ్ రాణిది. 1836లో పెట్టారు.

నాకు బాగా నచ్చేది ఆలిస్ కథ. ఫ్రాన్స్ వెళ్ళిన ఆడెల్‌హైట్ అక్కడ అరిగి అరిగి 'ఆలిస్' అయింది, అదే ఇంగ్లండ్ చేరింది. విక్టోరియా రాణి కూతురు ఆలిస్ పెళ్ళయి జర్మనీలోని హెస్సెకి వస్తే, ఆ పేరు అక్కడివాళ్ళ నోరు తిరగలేదు! పుట్టింటి పేరే పరాయిదైపోయింది. అందుకే ఆవిడ 1872లో పుట్టిన కూతురికి 'ఆలిక్స్' అని పెట్టింది. రష్యా చివరి సామ్రాజ్ఞి అలెగ్జాండ్రా ఆ పిల్లే.

స్పెల్లింగుల సంగతికొస్తే, ఫ్రెంచివాళ్ళు అడిలైడ్ పేరులోని 'ఐ' మీద రెండు చుక్కలు పెడతారు, ముందున్న 'ఏ'తో కలిపేయకుండా విడిగా పలకాలని. పోలిష్‌లో ఆ చోట 'జే' రాసి 'య్' అని చదువుతారు. డచ్‌లో అలైడా. 'అడెల్' అనే పేరులో మిగిలింది మొదటి సగమే.

1880లో వచ్చిన 'హైడీ' అనే స్విస్ పిల్లల నవల తర్వాత ఆ పేరు సొంతంగా నిలబడిపోయింది. ఇప్పుడు చాలామందికి కాగితాల మీద కూడా అదే ఉంటుంది. మీ పక్కింటావిడ పెద్దవయసావిడైతే మాత్రం, ఆడెల్‌హైట్ పేరున పార్సిల్ వస్తే తీసి ఉంచండి.