పురుషోత్తమ చౌధరి కీర్తనలూ మా పాతనగరం గుడీ

తెలుగు క్రైస్తవ కీర్తనకారులలో మీకు ఇష్టమైనవారెవరు, వారి పాటలు ఈ తరం పిల్లలకు రుచిస్తాయా అని అడిగారు. మొదటి ప్రశ్నకు నేను క్షణమైనా ఆలోచించనక్కరలేదు: పురుషోత్తమ చౌధరి గారు. మిగిలినవారంతా ఆయన తరువాతే అన్నది నా అభిప్రాయం, దీనిపై ఎవరితోనైనా వాదించడానికి సిద్ధమే.

ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో ఒడిశాలోని కటకంలో బాప్తిస్మం పొంది, 1890లో కన్నుమూశారు. ఇంగ్లండు నుండి క్రైస్తవ మత ప్రచారానికి వచ్చిన లండన్ మిషన్ వారు 1805లోనే మా విశాఖపట్నం వచ్చి, ఇక్కడే సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. అయినా చదువు రాని మా నాయనమ్మ తరం వారికి క్రీస్తు కథ వంటబట్టింది ఆ అచ్చు పుస్తకాల వల్ల కాదు, పల్లవి, అనుపల్లవి, చరణాలతో, ప్రాస తప్పకుండా, రాగతాళాలలో ఒదిగి వచ్చిన ఈ కీర్తనల వల్లనే అని నేను గట్టిగా నమ్ముతాను. ఇంగ్లీషు మెట్టుకు, అంటే బాణీకి, తెలుగు మాటలను అతికించిన పాటలూ మా గుడిలో (చర్చిలో) పాడేవారు గాని, వాటిలో దీర్ఘం ఉండవలసిన చోట హ్రస్వం, ఊపిరి తీసుకోవలసిన చోట మాట మధ్యలో విరుపు వచ్చి, పాడేవాళ్ల నోరే తడబడేది.

మా గుడి పాతనగరంలో, ఓడరేవుకు దగ్గరలో ఉండేది. పోర్టులో, షిప్‌యార్డులో పనిచేసే కుటుంబాలే మొదట ఎక్కువ. స్టీల్ ప్లాంటు వచ్చాక గుంటూరు, కృష్ణా జిల్లాల నుండి ఉద్యోగులు వచ్చి మాలో కలిశారు. వారితోపాటు వారి మెట్లూ వచ్చాయి. ఒక మంచి శుక్రవారం (గుడ్ ఫ్రైడే) నాడు సిలువపై పలికిన ఏడు మాటల ఆరాధన జరుగుతుండగా, నాలుగవ మాటపై ప్రసంగం ముగియగానే పాస్టరు అయ్యగారు చౌధరి గారి "త్రాహిమాం క్రీస్తునాథ" పాడమన్నారు. హార్మోనియం మాస్టారు శ్రుతి అందుకునేలోపే, ఆడవారి వరుసలో నుండి కొత్తగా వచ్చిన గుంటూరు అత్తయ్య ఒకావిడ, గంట మోగినట్టున్న గొంతుతో, తమ ఊరి మెట్టులో పల్లవి ఎత్తుకున్నారు. మాస్టారు మా మెట్టులోనే వాయించారు. సగం గుడి అటు, సగం గుడి ఇటు చీలిపోగా, మేము పిల్లలం ఎవరి వెంట పాడాలో తెలియక పెదవులు మాత్రం కదిపాము. అయ్యగారు ప్రార్థిస్తున్నట్టుగా కళ్లు మూసుకున్నారు. మొదటి చరణం వరకు ఎవరూ తగ్గలేదు. చివరకు మాస్టారే హార్మోనియం ఆపి, పెట్టెమీద చేత్తో తాళం మాత్రం వేస్తూ ఆవిడను ఒక చరణం పాడనిచ్చి, తరువాతి చరణానికి తన మెట్టు అందుకున్నారు. ఆవిడా తలవంచుకొని ఆయన వెంట పాడారు. అలా ఆ రోజు ఒక్క కీర్తన రెండు మెట్లలో సాగింది.

అసలు సంగతి ఆ తరువాత జరిగింది. మూడు గంటలకు ఆరాధన ముగిశాక, ఉపవాసం విడిచే మజ్జిగ గ్లాసులు చేతుల్లో పట్టుకొని పెద్దవాళ్లంతా వేపచెట్టు కింద వాదనకు దిగారు. మా మెట్టే చౌధరి గారు స్వయంగా పాడినదని మావాళ్లు, తమదే అసలైనదని గుంటూరు వారు. కీర్తనల పుస్తకంలో రాగం, తాళం పేర్లే తప్ప స్వరం లేదు గనుక తీర్పు చెప్పగలవారెవరూ లేరు. క్రేన్ నడిపే ఆయన, ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఆవిడ రాగం గురించి అంత పట్టుదలగా మాట్లాడుకోవడం నేను మరెక్కడా చూడలేదు. నూరేళ్లకు పైబడిన పాటను ఇంత సొంతం చేసుకున్నారంటే, అది రాసినవాడిని మహాకవి అనడానికి నాకు ఇంకే సాక్ష్యమూ అక్కరలేదు.

ఇప్పుడు తెర మీద పాట వేస్తున్నారు, మంచిదే. కాని పుస్తకంలో కీర్తన పైన ఉండే రాగతాళాలూ, కింద ఉండే కవి పేరూ ఆ తెర మీదికి ఎందుకు రావో నాకు అర్థం కాదు. ఆరు చరణాలున్న కీర్తనను రెండుకు కత్తిరించి, కీబోర్డులో మీట నొక్కితే వచ్చే దరువుకు పరుగెత్తించి, "ఈ పాత పాటలు పిల్లలకు నచ్చవండీ" అని పిల్లల మీద తోసేస్తారు.

ఇక మీ రెండవ ప్రశ్న. రుచిస్తాయి. మా మేనకోడలికి నేను "నీ చరణములే నమ్మితి" నేర్పినప్పుడు అర్థం చెప్పలేదు, వాద్యమూ పెట్టలేదు. చేత్తో తాళం వేయించి, ప్రాస వచ్చిన చోటల్లా కాస్త నొక్కి పాడించాను. ఇప్పుడు స్నానాలగదిలో అదే పాడుతుంది. మీరూ దానితోనే మొదలుపెట్టండి, చరణాలన్నీ పాడించండి. మెట్టు మాత్రం మా పాతనగరం వారిదే నేర్చుకోండి. గుంటూరు వారు ఏమనుకున్నా సరే.