మామయ్య చెప్పారని సంతకం పెట్టాను

సైట్ ఇంజినీరుగా మీరు రాసిన ఉత్తరమంతా దాదాపు సైటు గురించే. పొద్దున ఆరున్నరకల్లా అక్కడ ఉండాలి, కూలీల హాజరు వేయాలి, మేస్త్రీకి పని అప్పజెప్పాలి, కమ్మీ డ్రాయింగులో ఉన్నట్టే కట్టారో లేదో వంగి కొలుచుకోవాలి, సిమెంటు బస్తాల లెక్క చూడాలి, సాయంత్రం రిపోర్టు పంపాలి. స్లాబ్ వేసే రోజైతే ఇంటికొచ్చేది అర్ధరాత్రి దాటాకే. అప్పటికి పాప నిద్రపోతుంది, భార్య ముభావంగా ఉంటోంది. 32 ఏళ్లొచ్చాయి, ఇదంతా వదిలేసి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటారా అని అడిగారు.

వద్దు. ఆ ప్రశ్నకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు, ఎందుకంటే మీకు నిద్ర పట్టకుండా చేస్తున్నది ఉద్యోగం కాదు.

ఉత్తరం చివర్లో మాటవరసకి అన్నట్టు ఒక సంగతి రాశారు. కాంట్రాక్టరు మీ మేనమామే. బిల్లు ఆగిపోతుందని ఆయన తొందరపెడితే, బీముల కింద సపోర్టులు తొమ్మిదో రోజే తీయించారు, కాంక్రీటు బలం తేల్చడానికి పోసి ఉంచే దిమ్మల్లో ఏడు రోజుల క్యూబులు టెస్టుకు పంపకుండానే రిజిస్టర్లో అంకెలు వేసి సంతకం పెట్టారు. నేను అక్కడే ఆగిపోయాను.

బీము ఐదున్నర మీటర్లని మీరే రాశారు. ఆరు మీటర్ల లోపు బీములకు సపోర్టులు కనీసం 14 రోజులు ఉండాలని కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది, అదీ మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటైతే. ఇది నేను మీకు చెప్పాల్సిన విషయం కాదు, మీకు తెలుసు కాబట్టే వాన పడిన రాత్రి లేచి కూర్చున్నారు, ఏమైందని అడిగిన భార్యను కసురుకున్నారు.

నాన్నగారు పోయాక మామయ్యే ఫీజులు కట్టి చదివించారని, ఆయన మాట కాదనొద్దని అమ్మ చెబుతుందని రాశారు. ఆ రుణం చిన్నదని నేను అనను. ఆయనకు ఒంట్లో బాగోకపోతే పక్కన ఉండండి, ఆయన పిల్లల పెళ్లిళ్లలో సొంత అన్నలా నిలబడండి, రేపు వ్యాపారం దెబ్బతింటే మీ జీతంలోంచి తీసివ్వండి. కానీ ఆ సంతకం మీ సొంతం, ఆయన కట్టిన ఫీజులో అది లేదు. ఆ బీము కింద రేపు నిలబడేవాళ్లకు మీ మామయ్య ఎవరో తెలియదు, ఇంజినీరు చూసే ఉంటాడన్న నమ్మకంతో నిలబడతారు. మేనల్లుడిగా తల వంచుకోండి, తప్పులేదు. ఇంజినీరుగా వంచితే మాత్రం నేను ఒప్పుకోను.

ఇంకో మాట. మా ఆయన ముప్పై ఏళ్లు సైట్లలోనే పనిచేశారు. ఆలస్యంగా వచ్చిన మనిషి మీద కోపం నాకు పూటలో పోయేది, లోపల ఏదో దాచుకుని వచ్చిన రోజున మాత్రం ఆయనతో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. మీ ఆవిడకు మీ ఉద్యోగం అర్థం కావట్లేదని రాశారు చూడండి, ఆ మాట వెనక్కి తీసుకోండి బాబూ. ఆమెకు మీరు ఏమీ చెప్పలేదు.

ముందు చేయాల్సింది ఈ రోజే చేయండి. ఆ బీముల కింద సపోర్టులు తిరిగి పెట్టించండి, పైన ఇటుకలు, బస్తాలు పేర్చనివ్వకండి, కింద ఎవరినీ పడుకోనివ్వకండి. డిజైన్ ఇచ్చిన స్ట్రక్చరల్ ఇంజినీరుకు తొమ్మిదో రోజు తీసిన సంగతి, రిజిస్టరు సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన కాంక్రీటు మీద కొట్టి చూసే హ్యామర్ టెస్టు అంటారో, కోర్, అంటే పరీక్షకు చిన్న ముక్క, తీయమంటారో, అది ఆయన చూసుకుంటారు. ఉద్యోగం పోతుందేమోనని భయం వేస్తుంది, వేయనివ్వండి, అయినా చెప్పండి.

తర్వాత మామయ్య దగ్గరికి వెళ్లండి. సైటులో మేస్త్రీ ముందు కాదు, ఫోన్లో అసలే కాదు, ఇంటికి వెళ్లి ఆయన ఒక్కరూ ఉన్నప్పుడు కూర్చుని చెప్పండి. "మామయ్యా, మీరు చదివించిన చదువే ఇది తప్పని చెబుతోంది, ఇకమీదట నేను చూడని దానికి సంతకం పెట్టను" అనండి, అంతకు మించి వాదించొద్దు. ఆయన అరుస్తారు, అమ్మకు ఫోన్ చేస్తారు, అమ్మ ఏడుస్తుంది. రెండు మూడు నెలలు రాకపోకలు ఉండకపోవచ్చు కూడా. దానికి సిద్ధపడే వెళ్లండి.

28 రోజుల క్యూబులు ఇంకా నీళ్ల తొట్టిలో ఉన్నాయన్నారు. 28వ రోజున వాటిని మీరే ల్యాబుకు తీసుకెళ్లి ప్రెస్ చేయించేదాకా పక్కనే ఉండండి, వచ్చిన అంకె ఎంతైనా అదే రాయండి. మీ ఆవిడకు మాత్రం అప్పటిదాకా ఆగకుండా ఈ రాత్రే అంతా చెప్పండి, పాప పడుకున్నాక.