ఫైనల్ ప్రాజెక్టుకు త్రీడీ కావాలా, తక్‌పట్టీ చాలా?

ప్రశ్న: మాది గుంటూరు. బీసీఏ అయ్యాక విజయవాడలో వెబ్ డిజైన్ కోర్సు చేస్తున్నాను. ఫైనల్ ప్రాజెక్టుకు రెండు నెలల గడువుంది. క్లాసులో చాలామంది షాపింగ్ సైట్లకు నకళ్లు చేస్తున్నారు. త్రీడీ యానిమేషన్ ఉంటేనే ఉద్యోగం వస్తుందని ఫ్రెండ్స్ అంటున్నారు. నాన్న మిర్చి యార్డులో కమీషన్ కొట్లో గుమస్తా. ఏం చేయమంటారు సార్?

జవాబు: అమ్మా, షాపింగ్ సైటు నకలు మాత్రం వద్దు. 'ఈ బటన్ ఇక్కడే ఎందుకు పెట్టావు?' అని ఇంటర్వ్యూలో అడిగితే నీ దగ్గర జవాబుండదు, ఆ నిర్ణయం నీది కాదు కనుక. త్రీడీ తర్వాతైనా నేర్చుకోవచ్చు. ఇప్పుడు మొదలుపెడితే ఈ రెండు నెలలూ దానికే సరిపోతాయి.

చూసేవాళ్లు ఒక అంకె మార్చగానే పేజీ వాళ్లకు పనికొచ్చే జవాబు చెప్పాలి. నేనైతే ప్రాజెక్టులో ముందు అదే చూస్తాను. అలాంటి సమస్య మీ ఇంట్లోనే ఉంది. యార్డుకు కాయ తెచ్చిన రైతు ఇవాళే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా?

ఉదాహరణకు 40 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఒక్కోటి 45 కిలోలు అనుకుందాం. మొత్తం 18 క్వింటాళ్లు. క్వింటా 12,000 చొప్పున 2,16,000 రూపాయలు. నాలుగు నెలలు ఆగితే, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ లెక్కన 17,280 పోతుంది. అంటే క్వింటాకు 960 పెరిగితే వడ్డీకి సరిపోతుంది, అంతే. స్టోరేజీ అద్దె, మళ్లీ హమాలీ, తూకంలో తరుగు ఇంకా పైన ఉంటాయి. ఇంత లెక్క కొట్టు ముందు నిలబడి నోటితో వేయడం ఎవరికైనా కష్టమే.

నెలలకు ఒక స్లైడర్, ధరకు ఒకటి పెట్టు. ఏది జరిపినా చేతికొచ్చే మొత్తం అప్పటికప్పుడు మారాలి, ఎక్కడ నష్టం మొదలవుతుందో గీతలో కనపడాలి. దీనికి హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, మామూలు జావాస్క్రిప్టు, కోడ్‌తో గీసే ఒక ఎస్‌వీజీ బొమ్మ చాలు. అంకెలను బ్రౌజర్‌లోనే ఉండే లోకల్ స్టోరేజీలో దాస్తే సర్వర్ అక్కర్లేదు. సైటును గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టొచ్చు. డబ్బు మాత్రం 216,000 అని కాకుండా 2,16,000 అని మన పద్ధతిలో కనిపించేలా చూడు.

పేజీ తెలుగులోనే చెయ్యి. ఇంగ్లిష్ టెంప్లేటులోని లైన్ హైట్ (వరుసల మధ్య ఎడం) అలాగే వదిలేస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. కాస్త పెంచు. లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) జోలికి వెళ్లకు. మండలి, నోటో సాన్స్ తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే.

మిర్చి మీద మనసు లేకపోతే ఇంకో రెండు దారులున్నాయి. ఒకటి పిల్లలకు తెలుగు పదాల ఆట. మనకు ఒక్క అక్షరమైన 'స్త్రీ'ని జావాస్క్రిప్టు ఆరుగా లెక్కిస్తుంది, ఆ చిక్కు విప్పితే చెప్పుకోదగ్గ పనే. రెండోది 2024 సెప్టెంబరు విజయవాడ వరద. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది కృష్ణ, సింగ్‌నగర్‌ను ముంచింది బుడమేరు వాగు. ఈ తేడాను స్క్రోల్ చేస్తూ అర్థమయ్యేలా చూపొచ్చు. నా ఓటు మాత్రం మిర్చికే, ఎందుకంటే వాడి చూసేవాళ్లు నీకు రోజూ దొరుకుతారు.

వాళ్ల చేతికి ఫోనిచ్చి ఏమీ చెప్పకుండా చూడు. ఎక్కడ వేలు ఆగిందో రాసుకో, మార్చు, పాత స్క్రీన్ కూడా దాచిపెట్టు. ఇంటర్వ్యూలో ఆ రెండు స్క్రీన్లూ పక్కపక్కన పెట్టి ఎందుకు మార్చావో చెప్పు. నీ ఆలోచన వాళ్లకు తెలిసేది అక్కడే.

ఈ ఆదివారం నాన్నగారిని ఒక పాత తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క, కోతలు రాసి కొట్లో రైతుకిచ్చే చీటీ, అడిగి తీసుకో. రైతు పేరు కొట్టేసి, అందులోని కోతలన్నీ కాగితం మీద రాసి, ఫోన్ తెర వెడల్పులో మొదటి బొమ్మ గియ్యి. కోడ్ ఆ తర్వాతే.