మూడు రోజులైనా తేలని సిమ్యులేషన్, క్రాక్ సాఫ్ట్‌వేర్

ప్రశ్న: మద్దిలపాలెంలో రూమ్ తీసుకుని ఎంటెక్ చదువుతున్నాను. చదరపు పెట్టెకు ఒక గోడ వేడిగా, ఎదుటి గోడ చల్లగా ఉంటే లోపల గాలి ఎలా తిరుగుతుందన్నది నా ప్రాజెక్టు, రేలీ సంఖ్య (వేడి తేడా వల్ల గాలి ఎంత జోరుగా కదులుతుందో చెప్పేది) 10 లక్షలు. సిమ్యులేషన్ మూడు రోజులైనా పూర్తవ్వట్లేదు. సాఫ్ట్‌వేర్ క్రాక్‌ది, అంటే డబ్బు కట్టని దొంగ కాపీ, సీనియర్ పంపిన లింకు. గేమింగ్ ల్యాప్‌టాప్ కొననా?

కొనకండి. మాటలు మార్చి ఇదే ప్రశ్న ప్రతి ప్రాజెక్టుల సీజన్‌లోనూ వస్తోంది. సన్నటి గేమింగ్ ల్యాప్‌టాప్ మొదటి పది నిమిషాలు పరిగెత్తి, వేడెక్కగానే స్పీడు తగ్గించేసుకుంటుంది. మన వైజాగ్ ఉక్కపోతలో, ఏసీ లేని గదిలో, రోజుల తరబడి లెక్కలు చేయించడానికి అది పనికిరాదని నా గట్టి అభిప్రాయం.

ముందు మీ గ్రిడ్, అంటే లెక్క కోసం పెట్టెను విడగొట్టిన గళ్లు, చూడండి. పెట్టె అంతా ఒకే సైజు గళ్లు పరిచి ఉంటారు. అసలు కథ గోడల పక్కన పల్చటి పొరలో నడుస్తుంది, మీ రేలీ సంఖ్యకు ఆ పొర పెట్టె వెడల్పులో ముప్పయ్యో వంతు ఉంటుందంతే, కాబట్టి గళ్లు అక్కడ చిక్కగా, మధ్యలో పలచగా వేయండి. ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో (ఒక్కో క్షణం విలువలను ముందు క్షణం విలువల నుంచి నేరుగా లెక్కించేది) గడి సైజు సగమైతే 2డీలో గళ్లు నాలుగింతలవుతాయి, డిఫ్యూజన్ (వేడి పక్క గళ్లకు పాకడం) వల్ల టైమ్ స్టెప్ (లెక్క ఒక్కో అడుగులో ముందుకు జరిగే సమయం) నాలుగో వంతుకు పడిపోతుంది, అంటే పని 16 రెట్లు! మీ కేసులో ప్రవాహం చివరికి నిలకడకు వస్తుంది కనుక పతంకర్, స్పాల్డింగ్ 1972లో ఇచ్చిన ‘సింపుల్’ (SIMPLE) అనే పద్ధతితో నేరుగా ఆ నిలకడ స్థితికే వెళ్లొచ్చు.

టైమంతా తినేది ప్రెజర్ సమీకరణం, అంటే ప్రతి గడిలో గాలి పీడనం తేల్చే లెక్క. దాన్ని గడి తర్వాత గడి సరిచేస్తూ పోయే గాస్-సైడల్ పద్ధతి పక్కపక్క గళ్ల మధ్య తప్పును చప్పున తుడిచేస్తుంది గానీ పెట్టె ఆ చివర నుంచి ఈ చివర దాకా పరుచుకున్న తప్పు దగ్గర నత్తనడకే. మల్టీగ్రిడ్ అనే పద్ధతి ఆ తప్పును పెద్ద గళ్ల ముతక గ్రిడ్ మీదకు దించి అక్కడ తక్కువ ఖర్చుతో సరిచేస్తుంది. దీన్ని మెనూల అడుగున దాచిపెట్టి, నిదానంగా నడిచేదాన్ని డిఫాల్ట్‌గా పెట్టే సాఫ్ట్‌వేర్లంటే నాకు ఒళ్లు మంట. వేడి గోడ ఇచ్చే వేడి, చల్ల గోడ తీసుకునే వేడి సమానమయ్యాక రన్ ఆపండి. గాలికి సగటు నసెల్ట్ సంఖ్య (గాలి కదలిక వల్ల వేడి ఎన్ని రెట్లు ఎక్కువగా దాటుతుందో చెప్పేది) 8.8 దగ్గర రావాలి, ఇదే పెట్టె లెక్కకు డి వాల్ డేవిస్ 1983లో అచ్చువేసిన జవాబు అదే.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ క్రాక్ ఒక ఎత్తు. అది ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యాంటీవైరస్ ఆపమందా, అడ్మిన్ పర్మిషన్ అడిగిందా? అంటే ఇంటి తాళాలు మీరే చేతిలో పెట్టారు. గత నెల నా దగ్గరకొచ్చిన ఒక విద్యార్థి ల్యాప్‌టాప్‌లో ఏ ప్రోగ్రామూ తెరిచి లేదు, అయినా ఫ్యాన్ హోరెత్తుతోంది, ప్రాసెసర్ 90 శాతం మీద ఉంది. ఎవరికోసమో లెక్కలు చేసి క్రిప్టో కరెన్సీ తవ్వుతోంది. మీ మూడు రోజుల్లో కొంత వాటా అలా పోతోందేమో కూడా చూసుకోండి. ఇంకా భయపెట్టేది, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, లాగిన్ కుకీలు (మీరు ముందే లాగిన్ అయ్యారని సైటుకు చెప్పే చిన్న ఫైళ్లు) ఎత్తుకెళ్లే రకం. కుకీ వాళ్ల చేతికి చిక్కితే చాలాచోట్ల ఓటీపీ కూడా అడగదు. అమ్మానాన్నల బ్యాంకు లాగిన్ కూడా అదే ల్యాప్‌టాప్‌లో ఉందా?

ఇవాళే ఆ ల్యాప్‌టాప్‌కు నెట్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డులు మార్చి, అన్ని డివైజుల నుంచీ లాగౌట్ కొట్టండి. ప్రాజెక్టు ఫైళ్లు మాత్రం కాపీ చేసుకుని విండోస్ మొత్తం మళ్లీ వేయండి. డబ్బులు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తర్వాత ఓపెన్‌ఫోమ్ అనే ప్రవాహాల సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ దించుకోండి, ఉచితం, మల్టీగ్రిడ్ అందులోనే ఉంది.