డైట్ చార్ట్ రాసే ముందు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

ఆస్పత్రిలో డైటీషియన్‌గా చేరావని తెలిసి చాలా సంతోషమైంది. పరిశోధనల ప్రకారమే సలహా చెప్పాలని ఉంది, కానీ పేషెంట్లు ఒక్కొక్కరూ ఒక్కోలా ఉంటున్నారు, ఏం చెయ్యాలి పెద్దమ్మా అని అడిగావు. ఇన్నేళ్ళ పనిలో నాకు తెలిసింది రాస్తున్నాను.

ఏ అధ్యయనం చదివినా, ఫలితం కంటే ముందు అందులో ఎవరిని చేర్చుకున్నారు, ఎవరిని వద్దన్నారు అన్నది చూడు. ఉప్పు సంగతే తీసుకో. చైనా పల్లెల్లో, 600 ఊళ్ళలో, దాదాపు 21 వేల మందితో చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. మామూలు ఉప్పు మానేసి, పావు వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు వాడిన వాళ్ళలో పక్షవాతం 14 శాతం తగ్గింది. గట్టి ఆధారమే. బీపీ ఉన్న ప్రతివాళ్ళకీ ఈ ఉప్పే చెప్పేద్దాం అనిపిస్తుంది. కానీ కిడ్నీ జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళను అందులో చేర్చుకోలేదు. నీ ఓపీకి వచ్చే బీపీ పేషెంట్లలో క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పెరిగేది) పెరిగినవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళ ఒంట్లో పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఆ ఉప్పు మాట ఎత్తే ముందు క్రియాటినిన్, పొటాషియం రిపోర్టులు చూడు. మందుల చీటీలో స్పైరనోలాక్టోన్, టెల్మిసార్టాన్ లాంటి, ఒంట్లో పొటాషియం పెంచే బీపీ మందులు ఉంటే డాక్టరుగారిని అడగకుండా చెప్పనే చెప్పకు. ఇలాంటివాళ్ళకు మామూలు ఉప్పునే తగ్గించడం దారి. ఊరగాయ, అప్పడాలు, వడియాలు రోజూ ఉంటాయా, మజ్జిగలో ఉప్పు వేసుకుంటారా అని విడివిడిగా అడుగు. 'ఉప్పు తక్కువే తింటామండీ' అన్న జవాబుతో ఆగిపోకు.

ఏ తిండితో బరువు తగ్గుతారో చెబుతామనే జీన్ టెస్ట్ రిపోర్ట్ పట్టుకుని వచ్చేవాళ్ళూ ఉంటారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 609 మందిని ఏడాదిపాటు చూసి 2018లో ఫలితాలు ఇచ్చారు. కొందరికి కొవ్వు తగ్గించారు, కొందరికి పిండి పదార్థాలు తగ్గించారు. ఎవరి బరువు దేనితో తగ్గుతుందో వాళ్ళు పరీక్షించిన జన్యువులను బట్టి తేలలేదు. ఒకే రకం తిండి చెప్పినా కొందరు బాగా తగ్గారు, కొందరు పెరిగారు కూడా. కాబట్టి ఆ టెస్ట్ కోసం డబ్బు ఖర్చు పెట్టమని ఎవరికీ చెప్పకు.

షుగర్ పేషెంట్లకు వాళ్ళ గ్లూకోమీటరే మంచి ఆధారం. భోజనానికి ముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి చూసి రాసుకోమను. ముందు అలవాటుగా తినే భోజనంతోనే నాలుగైదు రోజులు చూడాలి, ఒక్క రీడింగ్‌తో ఏమీ తేలదు. తర్వాత ఒక్కటే మార్చు: గుప్పెడు అన్నం తగ్గించి, పప్పు, కూర పెంచు. మళ్ళీ అన్ని రోజులు చూడు. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది పనిచేసిందో నీకూ తెలియదు, వాళ్ళకూ తెలియదు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్ళకు అన్నం తగ్గిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. ముందే డాక్టరుగారికి చెప్పి డోసు చూడమను.

తిండిలో పోషకాల లెక్కలకు విదేశీ యాప్‌లు వద్దు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఇచ్చిన, మన ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు దగ్గర పెట్టుకో.

ఇంకొకటి, ఇంట్లో వండేవాళ్ళతో తప్పకుండా మాట్లాడు. నెలకు ఎన్ని లీటర్ల నూనె తెస్తారు, తినేవాళ్ళు ఎంతమంది అని అడిగితే మనిషికి ఎంత పడుతోందో అక్కడే తెలిసిపోతుంది. చార్ట్ చేతికిచ్చేటప్పుడే రెండో విజిట్ తేదీ కూడా రాసివ్వు. ఆ రోజు రీడింగుల కాగితం తెమ్మను. అది చూశాక చార్ట్ మార్చాల్సి వస్తే వెనకాడకుండా మార్చు.

కిడ్నీ కేసుల్లో ఏ అనుమానం వచ్చినా రాత్రయినా సరే ఫోన్ చెయ్యి.

నీ పెద్దమ్మ