బాబాయిగారి పిప్ అప్పీల్: "కొన్ని రోజులు బాగానే ఉంటారు" అని చెప్పొచ్చా?

బ్రిటన్‌లో బాబాయిగారి పిప్ (పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్, అంటే దీర్ఘకాలిక అనారోగ్యం, వైకల్యం ఉన్నవాళ్లకి ప్రభుత్వమిచ్చే భత్యం) అప్పీల్‌కి మీరే ప్రతినిధిగా వెళ్తున్నారు, బాగున్న రోజుల సంగతి చెబితే కేసు పోతుందేమోనని కదండీ మీ బెంగ? పోదు, దాచకండి. సగానికి మించిన రోజుల్లో ఇబ్బంది ఉంటే పాయింట్లు వస్తాయి.

అసలు పట్టు పిప్ నిబంధనల్లోని నాలుగో రెగ్యులేషన్‌లో ఉంది. పని ఎలాగోలా చేస్తే చాలదు. ప్రమాదం లేకుండా, సరిగ్గా, అవసరమైనన్నిసార్లు, తగిన సమయంలో చేయగలగాలి. స్నానానికి మామూలు వాళ్లకి పట్టే టైముకి రెట్టింపు దాటుతోందా? నిమిషాలతో సహా రాసిపెట్టుకోండి. రోజువారీ పనుల్లో 8 పాయింట్లు వస్తే మామూలు రేటు, 12 వస్తే ఎక్కువ రేటు.

అప్పీల్ వినే ట్రిబ్యునల్ చూసేది మీరు సవాలు చేస్తున్న నిర్ణయం ఇచ్చిన నాటి పరిస్థితినే, ఇవాల్టిది కాదు. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ముందే అడగండి, ఉచితమే. జవాబులు మాత్రం బాబాయిగారినే చెప్పనివ్వండి. నేను మధ్యలో దూరి జడ్జితో చీవాట్లు తిన్నాను లెండి.