కెనడా సర్వేలు తప్పాయా? ఆ 20 పాయింట్లలో నేనూ ఉన్నాను

అడిగిన ప్రశ్న ఇది: "2025 జనవరిలో కెనడా సర్వేల్లో కన్సర్వేటివ్ పార్టీ 20 పాయింట్లకు పైగా ముందుంది. ఏప్రిల్‌లో చూస్తే లిబరల్స్ గెలిచారు. ఇక ఆ దేశంలో సర్వేలను ఎవరు నమ్ముతారు?"

నేను నమ్ముతాను. ఎందుకంటే ఆ జనవరిలో సర్వేకి జవాబిచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పుడు నిజమే చెప్పాను. ఏప్రిల్‌లో ఓటు మాత్రం వేరే పార్టీకి వేశాను.

మాది ఒట్టావాలో బార్‌హేవెన్. సిటిజన్‌షిప్ వచ్చాక అదే నా మొదటి పార్లమెంటు ఎన్నిక. జనవరిలో ఒకరోజు సాయంత్రం పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే సెల్‌కి ఫోన్ వచ్చింది. రికార్డు చేసిన గొంతు. ఈరోజే ఎన్నికలు జరిగితే ఎవరికి ఓటేస్తారు, ఫలానా పార్టీకైతే ఒకటి నొక్కండి, ఫలానా పార్టీకైతే రెండు నొక్కండి. నేను కన్సర్వేటివ్ నొక్కాను. అంతకు రెండు వారాల ముందే ఇంటి లోను రెన్యువల్‌కు వచ్చింది, నెల వాయిదా ఎంత పెరిగిందో చూసి ఇంట్లో ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. లిబరల్ ప్రధాని ట్రూడో 2015 నుంచీ ఉన్నాడు, ఇక చాలు అనిపించింది. మా ఆఫీసు కాంటీన్‌లో కూడా అదే మాట. 2024 జూన్‌లో టొరంటో-సెయింట్ పాల్స్ ఉప ఎన్నికలో లిబరల్స్ తమ కంచుకోటను పోగొట్టుకున్నప్పుడే గాలి ఎటు వీస్తోందో అందరికీ అర్థమైంది.

ఆ ఫోన్‌లో అడిగింది "ఈరోజే" అని. చాలామంది మర్చిపోయేది ఆ ఒక్క మాటే. జనవరి 6న ట్రూడో దిగిపోతానని ప్రకటించాడు. మార్చి 9న మార్క్ కార్నీ లిబరల్ పార్టీ నాయకుడయ్యాడు, 14న ప్రధానిగా ప్రమాణం చేశాడు, 23న ఎన్నికలు ప్రకటించాడు. సామాన్యుడు పెట్రోలు మీద కట్టే కార్బన్ పన్నును ఏప్రిల్ 1 నుంచి ఎత్తేశాడు. కన్సర్వేటివ్ నాయకుడు పియరీ పొయిలివ్రే రెండేళ్లుగా ప్రచారం చేసిందల్లా ట్రూడో మీద, ఆ పన్ను మీద. శుభలేఖలు పంచేశాక పెళ్లికొడుకు మారిపోయినట్టయింది ఆయన పరిస్థితి. మరోపక్క ట్రంప్ సుంకాలు, కెనడా అమెరికాకు 51వ రాష్ట్రం అవ్వాలన్న మాటలు. సూపర్‌మార్కెట్‌లో జనం డబ్బా తిప్పి ఎక్కడ తయారైందో చదవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. మార్చి రెండో సగానికి సర్వేల్లో లిబరల్స్ ముందుకు వచ్చేశారు. అంటే సర్వేలు ఒకే అంకె పట్టుకుని కూర్చోలేదు, మా మనసు మారుతున్న కొద్దీ అవీ మారాయి.

ఇంకో సంగతి చెబితే ఇండియాలో మా వాళ్లు నమ్మరు. ఓడిపోయిన కన్సర్వేటివ్‌ల ఓట్లు తగ్గలేదు, పెరిగాయి. 2021లో వాళ్లకు 33.7 శాతం, 119 సీట్లు. 2025లో 41.3 శాతం, 144 సీట్లు. ఆ శాతం 1988 తర్వాత ఆ శిబిరానికి వచ్చినవాటిలో అన్నిటికన్నా ఎక్కువ. అయినా ఓడారంటే, లిబరల్స్ 43.8 శాతానికి ఎగబాకారు కాబట్టి. ఎక్కడి నుంచి ఎగబాకారంటే చాలావరకు ఎన్‌డీపీ, అంటే వామపక్ష న్యూ డెమొక్రటిక్ పార్టీ నుంచి. ఆ పార్టీ 17.8 శాతం నుంచి 6.3కి, 25 సీట్ల నుంచి 7కి పడిపోయింది. నాయకుడు జగ్మీత్ సింగ్ సొంత సీట్లోనే మూడో స్థానంలో మిగిలాడు.

మా ఇంట్లోనే ఆ లెక్క నడిచింది. మా ఆవిడకు ఎన్‌డీపీ అంటే ఇష్టం, పంటి వైద్యం పథకం వాళ్ల పట్టుదల వల్లే వచ్చిందని గట్టిగా నమ్ముతుంది. ఏప్రిల్ మొదటి వారంలో "ఈసారికి లిబరల్‌కే వేస్తాను, అవతల ట్రంప్ ఉన్నాడు" అంది. ఆమె తమ్ముడు విండ్సర్‌లో కార్ల విడిభాగాల కంపెనీలో పనిచేస్తాడు. సుంకాల దెబ్బకు అతని షిఫ్టులు తగ్గించారు. అదే సుంకం, అదే భయం, కానీ అతను కన్సర్వేటివ్ వైపే గట్టిగా నిలబడ్డాడు. "పదేళ్లు ఏలినవాళ్లు నా ఉద్యోగాన్ని ఇప్పుడు కాపాడతారా బావా?" అని ఫోన్‌లో ఒకటే గొడవ. ఈస్టర్ సెలవులకు మా ఇంటికొచ్చినప్పుడు అక్కాతమ్ముళ్లు బిర్యానీ ముందు కూర్చుని పోట్లాడుకుంటుంటే పిల్లలు ప్లేట్లు పట్టుకుని బేస్‌మెంట్‌కి పారిపోయారు.

మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల సంగతి కూడా చెప్పాలి. మా గ్రూపులో రాజకీయం మాట్లాడేవాళ్లలో సగం మందికి పైగా స్టూడెంట్లు, వర్క్ పర్మిట్‌వాళ్లు, పీఆర్ (శాశ్వత నివాసం) ఉన్నవాళ్లు. వాళ్లెవరికీ ఓటు లేదు. వలసల మీద కోత, పర్మిట్ల టెన్షన్, అద్దెలు, అన్నిటికీ ట్రూడోనే కారణమని వాళ్లకు కోపం. ఆ గ్రూపు చూసి ఫలితం చెప్పమంటే కన్సర్వేటివ్‌లకు 300 సీట్లు ఇచ్చేవాణ్ణి. సభలకు వచ్చే జనం కూడా ఇలాగే మోసం చేస్తారు. పొయిలివ్రే సభలు కిటకిటలాడాయి. బ్రాంప్టన్ సభలో అయితే "సర్వేలను నమ్ముతారా?" అని ఇంగ్లీషులో రాసిన చొక్కాలు వేసుకుని వచ్చారు. సభ నిండితే ఓట్లు పడతాయనుకోవడం మన ఊళ్లలో ఎన్నిసార్లు తప్పిందో మనకు తెలియనిదా.

ఇక మా రైడింగ్, అంటే నియోజకవర్గం, నెపియన్. అప్పటిదాకా మా లిబరల్ ఎంపీ చంద్ర ఆర్య, తుమకూరు జిల్లా వాడు, పార్లమెంటులో కన్నడంలో మాట్లాడి పేరు తెచ్చుకున్నాడు. పార్టీ ఆయన అభ్యర్థిత్వాన్ని రద్దు చేసింది, తర్వాత ఆ సీటు కార్నీకి ఇచ్చింది. దాంతో మా వీధిలో లిబరల్స్ ఎర్ర బోర్డులు మొలిచాయి, మా ఎదురింటాయన మాత్రం పంతానికి కన్సర్వేటివ్‌ల నీలం బోర్డులు రెండు పాతాడు. పక్కనే కార్లటన్, అప్పట్లో పొయిలివ్రే సొంత రైడింగ్. ఆయన అప్పటికి 2004 నుంచీ ఎంపీ. అక్కడ స్టిట్స్‌విల్‌లో ఉండే మా స్నేహితుడు "బ్రూస్ ఫాన్‌జాయ్ అని ఎవరో లిబరల్ అభ్యర్థి, మా తలుపు తట్టడం ఇది మూడోసారి" అని మార్చిలో నవ్వుతూ చెప్పాడు. ఏప్రిల్ 28న ఫాన్‌జాయ్ నాలుగు వేలకు పైగా ఓట్లతో గెలిచాడు! ఆ బ్యాలెట్ మీద 91 మంది పేర్లున్నాయి, కాగితం దాదాపు మీటరు పొడవు. మావాడు దాన్ని ఎలా మడతపెట్టాలో తెలియక అక్కడున్న పెద్దావిడను అడిగాడట. ఇక్కడ ఓటు పెన్సిల్‌తోనే, వేలికి సిరా చుక్క ఉండదు.

మరి సర్వేలు ఎక్కడా తప్పలేదా అంటే, సీట్ల దగ్గర తప్పాయి. ఇక్కడ సర్వే కంపెనీలు, నానోస్, లెజే, అబాకస్, ఎవరైనా సరే, ముఖ్యంగా ఇచ్చేది ఓట్ల శాతం. చివరి రోజుల్లో చాలావరకు లిబరల్స్‌కు రెండు నుంచి నాలుగు పాయింట్ల ఆధిక్యం చూపించాయి, తేలింది రెండున్నర. అంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు? ఆ శాతాలను సీట్లుగా మార్చే పని 338కెనడా లాంటి సైట్లది. వాళ్లలో చాలామంది లిబరల్స్‌ను 180 దాటించారు. వచ్చినవి 169. మొత్తం 343 సీట్లలో మెజారిటీకి 172 కావాలి, మూడు తక్కువయ్యాయి. టొరంటో చుట్టుపక్కల, విండ్సర్ లాంటి కార్మికుల ఊళ్లలో మా బావమరిది లాంటివాళ్లు కన్సర్వేటివ్‌ల వైపు మొగ్గారు. బ్రాంప్టన్ వెస్ట్‌లో ఆరోగ్య మంత్రి కమల్ ఖేరా ఓడిపోయింది. ఎన్‌డీపీ ఓట్లన్నీ లిబరల్స్‌కే పోతాయన్న అంచనా అక్కడ బోల్తా కొట్టింది. మనకేమో ఎప్పుడూ సీట్ల లెక్కే కావాలి, శాతం చెబితే తృప్తి ఉండదు. కానీ 2019లోనూ 2021లోనూ కన్సర్వేటివ్‌లకే ఓట్లు ఎక్కువ వచ్చాయి, ప్రభుత్వం మాత్రం లిబరల్స్‌ది. కన్సర్వేటివ్‌లు తమ కంచుకోట అల్బర్టా రాష్ట్రంలో భారీ మెజారిటీలతో గెలిచినా సీటు సీటే, రెండు కాదు కదా.

అందుకే నేను సర్వే చూస్తే మొదట తేదీ చూస్తాను, తర్వాత ఎంతమందిని అడిగారో చూస్తాను. వెయ్యి మందినైతే మూడు శాతం అటూ ఇటూ సహజం, కాబట్టి రెండు పాయింట్ల తేడాకు గుండెలు బాదుకోను. ఒక్క సర్వే కన్నా వారం రోజుల సర్వేలన్నీ పక్కపక్కన పెట్టి ఏ వైపు కదులుతున్నాయో చూడటం నయం.

చివరిగా మా బావమరిది సంగతి. అతని రైడింగ్ విండ్సర్-టెకుంసే-లేక్‌షోర్. అక్కడ కన్సర్వేటివ్ అభ్యర్థి క్యాథీ బొరెల్లి మొదట 77 ఓట్లతో గెలిచింది, రీకౌంట్ చేస్తే అది నాలుగు ఓట్లకు దిగింది. ఆ రాత్రి ఫోన్ చేశాడు. "బావా, ఆ నాలుగులో ఒకటి నాది, ఒకటి మా ఆవిడది. నీ సర్వేలో మమ్మల్ని అడిగారా?" అన్నాడు. లేదన్నాను. వాళ్ల అక్క ఫోన్ లాక్కుని ఇంకో అరగంట పోట్లాడింది.